బేతనియపేటలో సుగరు లేదు

మా చర్చిలో ప్రకటనలు చదివేది నేను. వారంలో ఆరు రోజులు బజారులో జాకెట్లు కుడతాను, ఏడో రోజు ప్రకటనలు చదువుతాను. ప్రసంగం అయిపోయి, కానుకల పళ్ళెం తిరిగి వచ్చాక, చివరి పాటకి ముందు ఐదు నిమిషాలు నావి. శుక్రవారం ఉపవాస ప్రార్థన ఎవరింట్లో, యువజన కూటం ఎన్నింటికి, పోయిన వారం చెప్పులు మారిపోయినవాళ్ళు మెట్ల దగ్గర మార్చుకోండి, ఇలాంటివి. ఆ ఐదు నిమిషాల్లో ఆడవాళ్ళు చాపలు చుడతారు, పిల్లల్ని పేరు పెట్టి పిలుస్తారు, మగవాళ్ళు నడుం విరుచుకుంటూ బయటికి నడుస్తారు. ఇన్నేళ్ళలో నా ప్రకటన చివరిదాకా విన్న మనిషి నాకు తగల్లేదు.

అటువంటి ఐదు నిమిషాల మీద ఒక సంస్థ కన్ను పడింది.

దాని పేరు అల్పసంఖ్యాక వర్గాల ఆరోగ్య సమాచార వ్యాప్తి సంస్థ. ఆ పేరు పూర్తిగా పలికేలోపు చిన్నపాటి జ్వరమైతే దానంతటదే తగ్గిపోతుంది. దాని తరఫున పరంధామయ్య గారని ఒక అధికారి జీపులో మా పేటకొచ్చి, పాస్టరు నతానియేలు గారినీ సంఘ పెద్దలనీ కూర్చోబెట్టి విషయం చెప్పారు.

"చర్చి అనేది క్షేత్రస్థాయిలో ముందే నిర్మితమై ఉన్న ఒక ప్రసార వ్యవస్థ. సమాచారాన్ని మేము సరఫరా చేస్తాం. మీరు దానిని తుది వినియోగదారునికి చేరవేస్తారు."

"అంటే పైన ట్యాంకీ మీరు, కింద పంపు మేమూనా సార్?" అన్నాడు సల్మోను. వడ్రంగం పని చేస్తాడు, సంఘ పెద్దల్లో ఒకడు.

"చాలా చక్కగా గ్రహించారు" అన్నారు పరంధామయ్య గారు.

ఆ ఆదివారం నా చేతికొచ్చిన కాగితం ఇలా మొదలైంది: "అసాంక్రమిక వ్యాధుల నియంత్రణ నిమిత్తము ప్రతి వ్యక్తియు తన జీవనశైలిని పునర్వ్యవస్థీకరించుకొనవలెను." నేను గొంతెత్తి చదివాను. ముందు వరసలో కూర్చునే హెప్సిబా మామ్మ కళ్ళు మూసుకుని "ఆమెన్" అంది. ఆవిడకి అర్థం కానిది ఏది వినిపించినా వాక్యమేనని నమ్మకం. ఆవిడ ఆమెన్ అంటే పక్కవాళ్ళు అన్నారు, వాళ్ళని చూసి వెనకవాళ్ళు అన్నారు. నూనె తగ్గించవలెను, ఆమెన్. ఉప్పు పరిమితముగా వాడవలెను, ఆమెన్. చాపలు చుడుతూనే అందరూ ఆమెన్ అన్నారు.

వెనక కుర్చీలో కూర్చున్న పరంధామయ్య గారు నన్ను పిలిచి ఆ మాటకి అర్థం అడిగారు. అట్లాగే జరుగు గాక అని చెప్పాను. ఆయన ముఖం వెలిగిపోయింది. "నూటికి నూరు శాతం సామాజిక ఆమోదం!" అన్నారు.

అక్కడితో ఆగినా బాగుండేది. కానీ ఆయన ఆ రోజు పెందలాడే వచ్చి, సాక్ష్యాలు కూడా విన్నారు.

సాక్ష్యం అంటే తెలియనివాళ్ళకి చెప్పాలి. పాటలకీ ప్రసంగానికీ మధ్య, ఎవరికైనా ఆ వారం దేవుడు మేలు చేస్తే వాళ్ళు లేచి మైకు పుచ్చుకుని అందరికీ చెబుతారు. తప్పిపోయిన గేదె దొరికిందనో, కొడుకు పరీక్ష గట్టెక్కాడనో, నడుం నొప్పి పోయిందనో. చెప్పేవాళ్ళు ఏడుస్తారు, వినేవాళ్ళు ఏడుస్తారు, ఒక్కరూ కదలరు. అయితే దీనికో పద్ధతి ఉంది. బాధ పోయాకే లేవాలి. ఇంకా ఉన్న బాధయితే వారం మధ్యలో పాస్టరమ్మ గారి చెవిలో చెప్పుకుని ప్రార్థన చేయించుకోవాలి. నాకు రోగముంది, ఇంకా పోలేదు అని మైకులో చెప్పినవాడు మా చర్చి కట్టాక ఒక్కడూ లేడు. అది విశ్వాసం చాలనివాడి మాట అవుతుంది.

ఈ పద్ధతి సంగతి పరంధామయ్య గారు అడగలేదు, మేమూ చెప్పలేదు. ఆయన చూసిందల్లా, ప్రకటనలప్పుడు చాపలు చుట్టే జనం సాక్ష్యాలప్పుడు ఊపిరి బిగబట్టి వింటున్నారని. పై వారానికల్లా ఉత్తర్వు వచ్చింది. ఇక మీదట ఆరోగ్య సమాచారాన్ని 'లబ్ధిదారుల స్వీయ వాంగ్మూల' రూపంలో ప్రసారం చేయవలెను. వాంగ్మూలమిచ్చిన ప్రతివారికీ మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బా ఒకటి.

మొదట లేచింది సల్మోనే. "నాకు బీపీ ఉండేదండి. తల తిరిగేది. నర్సమ్మ మాత్రలిచ్చింది, ప్రార్థన చేయించుకున్నా. ఇయ్యాల నాకు బీపీ లేదండి, దేవునికి స్తోత్రం!" చప్పట్లు మోగాయి. మాత్రలు మానకూడదనే మాట అతను చెప్పలేదు. పోయిన రోగానికి మాత్రలేమిటని తర్వాత అతనికే అనుమానమొచ్చి మానేశాడు. డబ్బా మాత్రం పుచ్చుకున్నాడు.

ఆ డబ్బాని సల్మోను భార్య అరుగు మీద ఎండలో పెట్టింది. పేటంతా చూసింది. మరుసటి ఆదివారం ఎనిమిది మంది లేచారు. సుగరు పోయినవాళ్ళు, ఆయాసం పోయినవాళ్ళు, కీళ్ళ నొప్పులు పోయినవాళ్ళు. నెల తిరిగేసరికి పోవడానికి రోగాలు చాలలేదు. ఎప్పుడూ లేని సుగరు పోయిందని కొందరు చెప్పారు. గర్భిణీల రక్తహీనత వారం అని సంస్థ ప్రకటించిన ఆదివారం, పేటలో అప్పటికి గర్భిణీలెవరూ లేకపోవడంతో, సంఘం పరువు పోకూడదని సల్మోను మళ్ళీ లేచి తన రక్తహీనత పోయిందన్నాడు. అతనికి రెండో డబ్బా వచ్చింది.

లేవని మనిషి మా అక్క ఒక్కతే.

మా అక్క దీవెనమ్మ మా చర్చిలో పాట ఎత్తుతుంది. ఆవిడ గొంతు సవరించుకుంటే చాలు, సంఘం మొత్తం నిలబడుతుంది. ఆవిడకి సుగరు ముదిరిపోయింది, మాత్రలకి లొంగలేదు. రోజూ పొద్దున్నే పేటలోని ఆరోగ్య ఉపకేంద్రానికి వెళ్ళి, ఫ్రిజ్జులో పెట్టిన మందు నర్సు సరోజిని చేత పొడిపించుకుని వస్తుంది. చూపు ఆననందువల్ల సూది తనే పొడుచుకోలేదు. నాకేమో సూది మిషనులో ఉన్నంతసేపే ధైర్యం.

"అక్కా, నువ్వూ లేవకూడదా? డబ్బా వస్తది" అన్నాన్నేను.

"నాకు పోలేదు గదరా. ఎట్టా చెప్పను?"

"అందరూ చెబుతున్నారు గదా."

"అందరికీ పోయిందేమో. దేవుడు ఎవరికి ఎప్పుడు చేస్తాడో మనకేం తెలుసు?" అంది అక్క. ఆవిడ వాళ్ళందరినీ నిజంగానే నమ్మింది. తనకి మాత్రం ఎందుకు పోవడం లేదా అని ఆవిడలో ఆవిడ కుమిలిపోవడం నేను చూశాను. నాకు ఆ డబ్బాల మీద మొదటిసారి ఒళ్ళు మండింది.

ఇంతలో పై ఆఫీసులో లెక్కలు తేలాయి. మా పేటలో ఉన్న జనం కంటే నయమైన రోగాలు ఎక్కువ. దాంతో బేతనియపేటని రాష్ట్రంలోనే తొలి 'రోగరహిత సంఘం'గా గుర్తించారు. సంస్థ డైరెక్టరు గారు స్వయంగా వచ్చి ఆదివారం ఆరాధనలో శాలువా కప్పుతారని కబురొచ్చింది. ఆ కబురు వెనకాలే ఆటో ఒకటొచ్చి ఉపకేంద్రం ముందు ఆగింది. ఫ్రిజ్జుని ఎక్కించారు, పక్కన సరోజినిని ఎక్కించారు. రోగం లేని చోట నర్సూ ఫ్రిజ్జూ వృథాగా పడి ఉండడం నిబంధనలకి విరుద్ధమట, రోగాలున్న ఊరికి బదిలీ.

"నేను చెప్పానండీ, వీళ్ళకి రోగాలున్నాయని" అంది సరోజిని ఆటోలోంచి. "ఆదివారం పోయిందని సోమవారం మందెట్టా అడుగుతారని సారు నన్నే తిట్టారు."

నిజానికి సోమవారం ఎవరూ అడగలేదు. అడిగితే ఆదివారం చెప్పింది అబద్ధమవుతుంది. పేటంతా మాత్రలు సగానికి విరుచుకుని, ఒకరికి తెలియకుండా ఒకరు, తలుపులేసుకుని మింగారు. బజారులో మందుల షాపుకి వెళ్ళినవాళ్ళు పేటవాళ్ళు ఎదురుపడితే దోమల చక్రాలకని చెప్పారు. దోమలు అంత ఎక్కువగా ఉన్న రోజులు మా పేటలో ఎప్పుడూ లేవు.

అక్కకి సూది ఆగిపోయింది. అప్పుడే చర్చి మెట్టు తగిలి కాలి వేలు చిట్లింది. అది మానలేదు. నల్లబడింది. టౌను ఆసుపత్రికి పద అన్నాను. "అక్కడ ఏ పేటని అడుగుతార్రా. బేతనియపేట, సుగరు అని చెప్పమంటావా? ఫంక్షను ముందరా? ఇంతమందిని అబద్ధాలోళ్ళని చేసినట్టు గాదూ? శాలువా అయిపోనీ, ఎళదాం" అంది. కాలు చూస్తే శాలువా దాకా ఆగేలా లేదు.

నేను పరంధామయ్య గారి ఆఫీసుకి వెళ్ళి, నర్సుని మళ్ళీ పంపమని బతిమాలాను.

"రోగం ఉన్నట్లు ఆధారం?" అన్నారాయన.

"మా అక్క కాలండి. వచ్చి చూడండి."

"కాలు వ్యక్తిగత ఆధారం. మాకు అందినది సామూహిక వాంగ్మూలం. వాంగ్మూలాన్ని కాలుతో ఖండించే వెసులుబాటు నిబంధనల్లో లేదు." ఆయన కాసేపు ఆలోచించారు. చెడ్డమనిషి కాదు, నాకు సాయం చెయ్యాలనే ఆలోచించారు. "ఏ మాధ్యమం ద్వారా సమాచారం వచ్చిందో ఆ మాధ్యమం ద్వారానే సవరణ రావాలి. అదే మైకు, అదే ఆరాధన. రోగం ఉన్నదని సాక్ష్యం చెప్పించండి. చెప్పే వ్యక్తి సంఘంలో విశ్వసనీయుడై ఉండాలి. ఉదాహరణకి మీ పాస్టరు గారు."

ఆ సాయంత్రం పాస్టరు గారింటికి వెళ్ళాను. నతానియేలు గారంటే మా పేటకే కాదు, చుట్టుపక్కల చాలా ఊళ్ళకి గురి. ఆయన తల మీద చెయ్యి పెట్టి ప్రార్థిస్తే నయమవుతుందని బళ్ళు కట్టించుకుని వస్తారు. నేను సంగతంతా చెప్పాను. ఆయన ముఖం గంటు పెట్టుకున్నారు.

"రోగం పోలేదని నేను మైకులో చెప్పాలా? జ్ఞానానందం గారూ, ప్రార్థనకి వచ్చేవాళ్ళు ఏమైపోతారు?"

ఈలోగా పాస్టరమ్మ గారు రెండు గ్లాసుల్లో కాఫీ తెచ్చి బల్ల మీద పెట్టి, లోపల పాలు పొంగుతున్నాయని పరుగెత్తారు. నేను దగ్గరున్న గ్లాసు తీసుకుని తాగాను. వేపాకు కషాయంలా ఉంది.

"అమ్మగారూ, పంచదార మరిచిపోయారు" అన్నాను.

గుమ్మంలోకొచ్చిన పాస్టరమ్మ గారు నా చేతిలో గ్లాసు చూసి అట్లాగే నిలబడిపోయారు. పాస్టరు గారు తల దించుకున్నారు. నాకు అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. పెళ్ళిళ్ళలో లడ్డూ ఇస్తే పిల్లలకని జేబులో వేసుకునే పిల్లలు లేని మనిషి. ప్రసంగానికి ముందు పాట మధ్యలో వెనక గదిలోకి వెళ్ళొచ్చే మనిషి. ప్రసంగ బల్ల మీద మూత పెట్టిన నీళ్ళ గ్లాసు లేనిదే మొదలుపెట్టని మనిషి.

"ఎన్నేళ్ళయిందయ్యగారూ?"

"చాన్నాళ్ళయింది." ఆయన గొంతు బాగా తగ్గిపోయింది. "మాత్ర మింగే చెయ్యీ ఇదే, వాళ్ళ తల మీద పెట్టే చెయ్యీ ఇదే. తెలిస్తే ఈ చెయ్యి ఎవరు పెట్టించుకుంటారు, చెప్పండి?"

కోపం వచ్చింది, జాలీ వేసింది. "మా అక్క కాలు నల్లబడిందయ్యగారూ" అన్నాను. లేచి వచ్చేశాను.

ఆదివారం వచ్చింది. చర్చి గుమ్మానికి అడ్డంగా 'రోగరహిత సంఘం, బేతనియపేట' అని బ్యానరు కట్టారు. డైరెక్టరు గారు తెల్ల కారులో వచ్చారు. పరంధామయ్య గారు ఆయన కంటే ముందు దిగి ఆయన తలుపు తీశారు. డైరెక్టరు గారు మాట్లాడుతూ, రోగమనేది ప్రధానంగా సమాచార లోపమనీ, సమాచారం సంపూర్ణమైన చోట రోగానికి నిలబడే ప్రాతిపదికే ఉండదనీ, బేతనియపేట ఇందుకు సజీవ నిదర్శనమనీ సెలవిచ్చారు. హెప్సిబా మామ్మ ఆమెన్ అంది.

అభినందన గీతం అక్కది. ఎప్పుడూ నిలబడి పాడే మనిషి కుర్చీలో కూర్చుని, చీర కుచ్చిళ్ళు కాలి మీదికి లాక్కుని పాడింది. రెండో చరణంలో గొంతు వణికి ఆగిపోయింది. కీబోర్డు కుర్రాడు కాసేపు వాయించి తనూ ఆగిపోయాడు. పరంధామయ్య గారు గబగబా శాలువా విప్పి, సంఘం తరఫున కృతజ్ఞతలు చెప్పమని పాస్టరు గారికి మైకు ఇచ్చారు.

పాస్టరు గారు అక్క వంక చూశారు. కాలి వంక చూశారు.

"ప్రభువు నామంలో మీ అందరికీ వందనాలు" అన్నారు. "నేను సాక్ష్యం చెప్పాలనుకుంటున్నాను. నాకు సుగరుంది."

జనం 'ఉండేది' అనే మాట కోసం ఎదురు చూశారు. చప్పట్లకి చేతులు కూడా లేచాయి.

"ఉంది" అన్నారాయన మళ్ళీ. "పోలేదు. మీ అందరికీ ప్రార్థన చేస్తూ నేను మాత్రలేసుకుంటున్నాను. ఆ వెనక గదిలో, మీకు కనబడకుండా. మందూ దేవుడిచ్చిందేనని మీకు చెప్పాల్సినవాణ్ణి నేను. సిగ్గుపడి దాక్కున్నాను. నన్ను క్షమించండి." జేబులోంచి మాత్రల అట్ట తీశారు. ఒకటి నొక్కి నోట్లో వేసుకుని, ప్రసంగ బల్ల మీది గ్లాసు మూత తీసి, నీళ్ళు తాగారు. ఆ గుటక మైకులో చర్చంతా వినబడింది.

ఇలాంటి సాక్ష్యానికి ఏమనాలో మాకెవరూ నేర్పలేదు. హెప్సిబా మామ్మ కూడా నోరు తెరుచుకుని ఉండిపోయింది.

"స్తోత్రం!" అంది మా అక్క కుర్చీలోంచి. ఏడుస్తూ అంది. "నాకూ ఉందయ్యగారూ. నేనొక్కదాన్నే పాపిష్టిదాన్ననుకున్నా."

ఆ మాటకి సల్మోను లేచాడు. "నా బీపీ కూడా యాడికీ పోలేదండి. రక్తహీనత మాత్రం నాకెప్పుడూ లేదు, అది ఒట్టి డబ్బా కోసం." అతని వెనక అతని భార్య లేచింది. ఆవిడ వెనక వరస వరసంతా లేచింది. మైకు చేతులు మారుతూ పోయింది. ఉంది, పోలేదు. ఉంది, పోలేదు. దోమల చక్రాలు కొన్నవాళ్ళందరూ దొరికిపోయారు. ఒకళ్ళ మాత్రల సంగతి ఒకళ్ళకి తెలిసి, ఏడుస్తున్నవాళ్ళు కూడా నవ్వడం మొదలుపెట్టారు.

డైరెక్టరు గారు మాత్రం నవ్వలేదు. ఆయన ముఖం పాలిపోయింది. "నేను లోపలికి వచ్చేటప్పటికి ఇక్కడ రోగం లేదు" అన్నారు పరంధామయ్య గారితో. "ఒక్క గంటలో ఇంత వ్యాప్తా?"

"అత్యంత వేగవంతమైన వ్యాప్తి సార్" అన్నారు పరంధామయ్య గారు, శాలువాని మూతికి అడ్డం పెట్టుకుని.

అక్కడికక్కడే బేతనియపేటని సుగరు అత్యవసర ప్రాంతంగా ప్రకటించారు. సాయంత్రానికి నాలుగు వ్యానుల్లో మనుషులు మాస్కులు కట్టుకుని దిగారు. సుగరు పక్క పేటకి పాకకుండా చర్చి చుట్టూ బ్లీచింగు పొడి చల్లారు. వాళ్ళ వెనకాల ఆటోలో ఫ్రిజ్జు వచ్చింది, పక్కన సరోజిని వచ్చింది. మాత్రలు ఎన్ని వచ్చాయంటే, పెట్టడానికి చోటు చాలక జనం స్టీలు డబ్బాలు తెచ్చుకున్నారు. మూత గట్టిగా పడుతుంది గదా, చెమ్మ తగలదు.

అక్కని టౌను ఆసుపత్రికి తీసుకెళ్ళింది డైరెక్టరు గారి తెల్ల కారే. వ్యానులు రాకముందు పేటలో ఉన్న బండి అదొక్కటే. ఆయన ముందు సీట్లో కిటికీ అద్దం దించుకుని, ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నారు. ఆసుపత్రిలో అక్క కాలి వేళ్ళు రెండు తీసేశారు. ఇంకో వారం ఆగితే కాలే పోయేదని డాక్టరు చెప్పాడు. ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో నేను ఎవరి చెవిలోనూ చెప్పకుండానే ప్రార్థన చేసుకున్నాను.

అక్క తిరిగొచ్చిన ఆదివారం కర్ర పట్టుకుని మైకు దగ్గరికి నడిచింది. "సుగరుందండి, కాలూ ఉంది" అని చెప్పి కూర్చుంది. అంత చిన్న సాక్ష్యం మా చర్చిలో అంతకుముందు లేదు.

పాస్టరు గారు భయపడినట్టు ఏమీ జరగలేదు. ప్రార్థనకి జనం ఇంకా వస్తున్నారు. తల మీద చెయ్యి పెట్టించుకుని, ఏ మాత్ర వేసుకుంటున్నారని కూడా ఆయన్నే అడిగి పోతున్నారు. ఇప్పుడు ఆయన ప్రసంగానికి ముందు గ్లాసు మీద మూత తీస్తారు. అదే సైగ. చర్చి నిండా మాత్రల అట్టలు చిటపటలాడతాయి, నీళ్ళ సీసాలు చేతులు మారతాయి. వెనక గది ఖాళీగా ఉంది గనక చాపలు అందులో పెట్టుకుంటున్నాం.

అయితే సరోజిని ఒక మాట చెప్పింది. ఈ మాత్ర వేసుకున్నాక అరగంటలో అన్నం తినాలట, లేకపోతే కళ్ళు తిరుగుతాయట. ఆ సంగతి నేను ప్రకటనల్లో చదివాను. నా జీవితంలో మొదటిసారి చాపలు ఆగాయి. ఒక్కరూ కదలకుండా విన్నారు, రెండోసారి చదవమన్నారు. ఎందుకంటే మా అయ్యగారి ప్రసంగం ఏనాడూ గంటన్నరకి తగ్గలేదు.

ఇప్పుడు ఆయన ఎంత ఆవేశంలో ఉన్నా, గోడ గడియారంలో పెద్దముల్లు అరగంట దగ్గరికి జరగగానే ముందు వరసలో మా అక్క గొంతు సవరించుకుంటుంది. సంఘం మొత్తం నిలబడుతుంది.